తొట్రుపాటుఱాళ్లు : వానిమీఁది వ్రాఁతలలోఁ గారకవిచారము

జర్మనీదేశపు పట్టణములలోఁ గాలిబాటలమీఁద, ఇండ్ల గుమ్మముల కెదురుగా, అఱచేయి మేర ఇత్తడిపలక తాపడము చేసిన చిన్నఱాళ్లు నేలకు సమముగా నమర్పఁబడి కానవచ్చును. పలక ప్రక్క యొక్కొక్కటి 96 మిల్లీమీటర్లు. దానిని మోయు కాంక్రీటుదిమ్మ లోఁతు 10 సెంటీమీటర్లు. పలకమీఁద నొక్క మనుష్యుని పేరు, పుట్టిన యేఁడు, అతనిని ఎచ్చటికిఁ గొనిపోయినది, ఎచ్చటఁ జంపినది సుత్తిపోటులతోఁ దీర్చిన యక్షరములలో నుండును. 1933 మొదలు 1945 వఱకు నాజీప్రభుత్వముచే హింసింపఁబడిన యూదులు, సింతీలు, రోమాలు, యెహోవాసాక్షులు, రాజకీయవిరోధులు, స్వలింగప్రియులు, వైద్యశాలలలోఁ జంపఁబడిన రోగులు, వీరి జ్ఞాపకార్థ మివి యేర్పడినవి. వీరిలో యూదకుటుంబములవారే మిక్కిలి యెక్కువ. ఈ ఱాళ్లకు జర్మనుభాషలో 'ష్టోల్పర్‌ష్టైన్' అని పేరు. తొట్రుపాటుఱాయి యని దాని యర్థము.

ఈ పనిని మొదలిడినవాఁడు 1947 లో బెర్లినులోఁ బుట్టిన గుంటర్ డెమ్నిగ్ అను శిల్పి. 1940 మే నెలలో వేయిమంది సింతీరోమాజనులను కొలోను పట్టణమునుండి వెడలఁగొట్టిన త్రోవను ఇతఁడు 1990 లో ఆ వీధులమీఁదనే గీఁతగా గుర్తించెను. 1992 డిసెంబరు 16 న ఆ పట్టణపు సభామందిరము నెదుట మొదటి ఱాతిని నిలిపెను. 1996 లో బెర్లినులోని క్రాయిట్స్‌బెర్గు పేటలో అధికారుల యనుమతి లేకయే కొన్ని పెట్టెను. పిమ్మట అనుమతులును వచ్చినవి. 2023 మే 26 న న్యూరెంబర్గులో లక్షవ ఱాయి పడినది. ఐరోపాలో సుమారు 30 దేశములలో నిప్పు డవి కలవు. 2005 నుండి అక్షరములు కొట్టుచున్నవాఁడు మిఖాయేల్ ఫ్రీడ్రిక్స్‌ఫ్రీడ్లెండర్ అను బెర్లిను శిల్పి; యంత్రము నొల్లక ఒక్కొక్క యక్షరమును చేతితోనే కొట్టును. చరిత్ర యింత చాలును. ఇచ్చట విచారింపఁబూనినది ఆ పలకమీఁది వాక్యము మాత్రమే.

ముందుగా పేరు. ఈ ఱాయి నేలకంటె నెత్తుగా నుండదు. ఎవ్వరి కాలును దీనికిఁ దగిలి తొట్రుపడదు. కావున ముఖ్యార్థమునకు బాధ. నడచువాని మనస్సు తొట్రుపడునని లక్షణచే గ్రహింపవలయును. ప్రయోజనమేమన, అక్షరములు చిన్నవి, నేలమీఁదివి. చదువఁదలఁచినవాఁడు నిలిచి, నడుము వంచి, తల దించవలయును. ఆ వంగుట నమస్కారముగాఁ బరిణమించుట శిల్పి యెఱిఁగి చేసినదే. జర్మనుదేశమునఁ బూర్వము నడత్రోవలో నెవఁడైన ఱాతికిఁ దట్టుకొని తూలినచో నచ్చట యూదుఁ డొకఁడు పూడ్పఁబడియుండవలయునని యెగతాళిగా ననుచుండెడివారఁట. ఆ దుర్వచనము నెఱిఁగినవానికి ఈ సంజ్ఞ మఱింత కఱకుగాఁ దోఁచును.

ఇఁక వాక్యము. సామాన్యముగా మొదటి పంక్తి "హియర్ వోన్టె", అనఁగా ఇక్కడ నివసించెను. పిమ్మట పేరు, వివాహితయైనచోఁ బుట్టినింటిపేరు. తరువాత "యారుగాంగ్" అను మాటకు సంక్షేపాక్షరములు, ప్రక్క నేఁడు. యారుగాంగ్ అనునది ఒకే యేఁట బడిలోఁ జేరిన పిల్లలకును, ఒకే యేఁట సైన్యమునకుఁ బిలువఁబడిన పడుచువారికిని, ఒకే యేఁటి ద్రాక్షసారాయమునకును గూడఁ జెల్లు పదము. దానిచే నీ మనుష్యుఁ డొంటిగాఁ బుట్టినవాఁడు గాక, ఒక యీడువారిలో నొకఁడుగా నిలుచుచున్నాఁడు. ఆ పిమ్మట "డెపోర్టియెర్ట్", వెడలఁగొట్టఁబడిన. దానికి సంవత్సరమును చేర్చిన చోటును. కడపట "ఎర్మోర్డెట్", హత్య చేయఁబడిన. దానికిఁ దేదియు స్థలమును, తెలిసినంతవఱకు. విశేషణ మొక్కటి లేదు. స్తుతి లేదు, శోకము లేదు, ఫలశ్రుతి లేదు. శాసనములు చదువ నలవాటుపడినవారు ప్రశస్తి యెచ్చటనని వెదకినను దొరకదు.

"ఇక్కడ" అను నధికరణముమీఁదనే యీ వ్రాఁత యంతయు నిలిచియున్నది. ఈ ఱాతిని పెఱికి వస్తుప్రదర్శనశాలలోఁ బెట్టినచో అక్షరమొక్కటి చెడకున్నను వాక్య మసత్యమగును. ఇతర స్మారకములకు లేని గుణమిది. 2005 లో బెర్లిను నడుమఁ దెఱవఁబడిన మహాస్మారకములో 2711 కాంక్రీటుదిమ్మలు కలవు. వానిలో నొకదానిని పదియడుగుల యావలికి జరపినను అర్థము మాఱదు, వానిమీఁదఁ బేళ్లును లేవు. ఈ చిన్నఱాయి మాత్రము గుమ్మముతో నన్వయించును.

ఆ గుమ్మ మేది యను ప్రశ్నకు ఱాళ్లవారు చెప్పుకొనిన నియమము కడు సూక్ష్మమైనది. చంపఁబడినవాని కడపటి నివాసము కాదు; తన యిష్టముచొప్పున నున్న కడపటి నివాసము. 1939 ఏప్రిల్ 30 నాఁటి చట్టముచే యూదులకు అద్దెయిండ్లలోఁ గల రక్షణ పోయినది. పిమ్మట వారిని 'యూదగృహము'లని పేరిడిన యిండ్లలోఁ గ్రుక్కిరి. అచ్చట వారు నివసించిరనుట యోగ్యత లేని మాట; ఉంచఁబడిరనవలయును. నివసించుట యను క్రియకుఁ గర్త స్వతంత్రుఁడై యుండవలయును. స్వతంత్రుఁడే కర్త యని వ్యాకరణము చెప్పినదానిని ఎఱిఁగియో యెఱుఁగకయో ఱాళ్లవా రక్షరాలఁ బాటించిరి. చిత్రకారుఁడు మాక్స్ లీబర్మన్ భార్యయగు మార్టా లీబర్మన్‌కు ఱాయి బెర్లినులో బ్రాండెన్‌బర్గు ద్వారము ప్రక్కనున్న పారీజర్ ప్లాట్సులోఁ గలదు. 1935 లో భర్త పోయిన పిమ్మట ఆమె ఆ యిల్లు విడిచి వేఱొక వీధిలో నుండెను. 1943 లో రక్షకభటులు వచ్చిన దచ్చటికే. అయినను 'ఇక్కడ' అను మాట మొదటి యింటి ముందే పెట్టఁబడినది.

పేరునుగూర్చి యొక్క మాట. 1938 ఆగస్టులోఁ బుట్టిన శాసన మొకటి, యూదుఁడని పేరుచేతఁ దెలియని పురుషుఁ డెవఁడైనను 'ఇజ్రాయేలు' అనియు, స్త్రీ యెవ్వతయైనను 'సారా' అనియు నొక పేరు చేర్చుకొనవలయునని విధించినది. 1939 జనవరి 1 నుండి యది యమలులోనికి వచ్చినది. ఆనాఁటి కాగితములలో నీ పేళ్లే కనఁబడును. ఱాళ్లమీఁద నవి సామాన్యముగా నుండవు. తల్లిదండ్రులు పెట్టిన పేరే యుండును. లోపము చేతనే వాక్యము శుద్ధి పొందిన తావిది.

ఈ వాక్యములోని ప్రాణము కారకముల మార్పునందుఁ గలదు. మొదటి క్రియ కర్తరి: నివసించెను. దానికిఁ బేరుగలవాఁడే కర్త. తరువాతివి రెండును కర్మణి: వెడలఁగొట్టఁబడిన, హత్య చేయఁబడిన. పేరు మాఱలేదు, విభక్తియు మాఱలేదు, ప్రథమయే. కాని యా ప్రథమలో మొదట నున్న కర్త దిగిపోయి కర్మ వచ్చి కూర్చున్నాఁడు. ఒక మనుష్యుఁడు తన బ్రతుకునకుఁ దాను కర్తగా నుండి, ఇతరుల చేఁతకుఁ గర్మయైపోయిన కథ యంతయు నీ రెండు పంక్తుల నడుమ, ఏమియుఁ జెప్పకయే, జరిగిపోవుచున్నది. ఏ కవియు దీనిని ఇంతకంటెఁ దక్కువ మాటలలోఁ జెప్పఁజాలఁడు.

కడపటి పద మెన్నికయందును వివేకము కలదు. ఆ కాలపు పట్టికలలోఁ గొనిపోఁబడినవాని పేరు ప్రక్క తూర్పునకు తరలిపోయెను, తెలియని చోటికిఁ గాఁపురము మార్చెను అని వ్రాయుచుండిరి. ఆ క్రియలన్నియుఁ గర్తరి! బండ్లలోఁ గ్రుక్కఁబడినవాఁడే కర్తయైపోయినాఁడు. వ్యాకరణముచేతఁ జేసిన యబద్ధ మిది. ఱాయి దీనినే త్రిప్పివ్రాసినది. 'మరణించెను' అనియుఁ జెప్పలేదు. జర్మనులో 'మోర్డ్' అనునది సంస్కృతమందలి 'మృ' ధాతువునకుఁ దోఁబుట్టువు. 'మృత' శబ్దమును దానిని ఒకే మూలమునుండి వచ్చినవిగా భాషాశాస్త్రజ్ఞు లందురు. మన మృధాతు వకర్మకము: మ్రియతే, తానే చచ్చును. జర్మనులో నది హత్యయను నర్థమున స్థిరపడి, ఉపసర్గ చేరి సకర్మకమైనది. 'ఎర్మోర్డెట్' అనఁగా మృతుఁడు కాదు, మారితుఁడు. చంపినవాఁ డొకఁడు లేక యీ పదము సిద్ధింపదు.

అట్లయినచో నా చంపినవాఁ డెవఁడు? ఇచ్చటనే యీ వాక్యమునకు గొప్ప లోటు. కర్మణిప్రయోగమునఁ గర్త క్రియచేఁ జెప్పఁబడఁడు. తృతీయావిభక్తితో వేఱుగాఁ జెప్పవలయును. పలకమీఁదఁ దృతీయ లేదు. లక్షకు పైఁబడిన ఱాళ్లలో హత్య చేయఁబడినవారు వేలకు వేలు. హత్య చేసినవాఁ డొక్కఁడును లేఁడు. మహాస్మారకపు పేరులోనైనను 'హత్య చేయఁబడిన ఐరోపాయూదులు' అనియే యున్నది గాని యెవరిచేత నని లేదు. ఱాళ్లకంటె నది యెక్కువ చెప్పినదనుటకు వీలులేదు.

దీనికి సమాధానము చెప్పువారు లేకపోలేదు. వాక్యమున లోపించినదానిని వినువాఁడు ఆకాంక్షచే వెదకికొనును. 'తలుపు' అనఁగనే 'మూయుము' అని యధ్యాహరించునట్లు, 'హత్య చేయఁబడెను' అనఁగనే 'ఎవరిచేత' నని ప్రశ్న పుట్టును. పుట్టుటయే ఱాతి ప్రయోజనము. ఉత్తరమును ఱాతిమీఁదఁ జెక్కినచోఁ జదువువాఁడు ప్రశ్నింపక పోవును, అని వారి వాదము. ఇది కొంతవఱకు నిజము. కాని యధ్యాహారము ప్రసిద్ధమైన తావుననే నిరపాయముగా జరుగును. ఇచ్చటఁ బ్రసిద్ధమైన యుత్తర మొక్కటి సిద్ధముగా నున్నది: నాజీలు. ఆ మాట పలుకఁగనే యాకాంక్ష శమించును, చదివినవాఁడు లేచి నడచిపోవును. నిజమైన కర్తలు పెక్కండ్రు. వారిలోఁ గొందఱా వీధివారే. పట్టిక వ్రాసిన గుమాస్తా, తాళముచెవులు పుచ్చుకొనిన యధికారి, బండి నడపిన రైలుద్యోగి. 1941 నవంబరు 25 నాఁటి శాసనముచే దేశము దాఁటింపఁబడిన యూదుని యాస్తి యంతయు ప్రభుత్వపరమాయెను. హాంబుర్గువంటి పట్టణములలో నా యింటి సామగ్రిని బహిరంగముగా వేలము వేసిరి. కొనినవా రెవరు? ఆ మంచము, ఆ గడియారము, ఆ దుప్పటులు దూరమునకుఁ బోలేదు. నవంబరు 9 న, జనవరి 27 న ఇరుగుపొరుగువారు వచ్చి మోఁకాళ్లమీఁదఁ గూర్చుండి యిత్తడికి మెఱుఁగు పెట్టుదురు, అది మంచిపనియే. కాని ఱాతిపైఁ గర్త లేనందున, ఆ గుడ్డ పట్టిన చేతికిఁ దన తాతయింటి గడియార మెక్కడిదో యడుగవలసిన పని తప్పుచున్నది.

ఈ వాక్యమును తెలుఁగు చేయఁబూనినవానికి ఈ సంగతి మఱింత స్పష్టమగును. 'చంపఁబడెను' అనుట తెలుఁగు జాతీయమున కంతగాఁ బొసఁగదు; సంస్కృతమునుండి చేసిన యనువాదములలోనే యా 'పడు' ధాతువు తఱచు. తెలుఁగువాఁడు సహజముగా 'చంపిరి' అనును. కర్తృపదము లేకున్నను ఆ 'రి'లో బహువచనముగా నిలిచి కర్తలు కనఁబడుచునే యున్నారు. ఎవరో కొందఱు, ఊహింపఁదగినవారు, లెక్కకుఁ దెచ్చుకొనఁదగినవారు. జర్మను పలకమీఁదనైనచోఁ దకారాంతమగు కృదంతము మాత్రమే కలదు, సహాయక్రియయు లోపించినది, పురుషవచనములకుఁ దావే లేదు. కొనిపోయిరి, చంపిరి అని తెలుఁగు చేసినవాఁడు మూలమును దాఁటినవాఁ డగును. కొనిపోఁబడెను, చంపఁబడెను అని చేసినవాఁడు భాషను దాఁటినవాఁ డగును. మొదటి దోషమే మేలు.

వింత యేమన, కొలోనులో 1992 లోఁ బెట్టిన మొట్టమొదటి ఱాతిపై నున్నది కర్తల మాటయే. సరిగా నేఁబదియేండ్లకుముందు, 1942 డిసెంబరు 16 న, సింతీరోమాజనులను ఆష్విట్సునకుఁ బంపుటకు హిమ్లరు పుట్టించిన యుత్తరువునందలి మొదటి వాక్యములు దానిమీఁదఁ గలవు. అందు హతుల పేరొక్కటియు లేదు. తరువాతి ఱాళ్లలోఁ బేళ్లు వచ్చినవి, ఉత్తరువు పోయినది. రెండును గలిసిన ఱాయి పుట్టలేదు. పలక చిన్నదగుట నిజమే. కాని పట్టణమునకు నాలుగైదు తావుల, పోలీసుకచేరి ముందో, పన్నుల కార్యాలయము ముందో, 'ఇక్కడ వ్రాసిరి', 'ఇక్కడ లెక్కించిరి' అని కర్తరిక్రియతో నొకఱాయి పెట్టుటకు నిడివి యడ్డురాదు.

కర్తల మాటలు మఱియొక దారిని ఱాళ్లమీఁదికి వచ్చినవి; అది యంతకంటెఁ జెడ్డది. కొన్ని పలకలపై, ఆ కాలపు న్యాయస్థానములు దండించినవారిని వర్ణించిన పదములనే యుద్ధరణచిహ్నముల నడుమఁ బెట్టిరి: 'జాతిదూషణము', 'నేరమే వాడుకగాఁ గలది' యనునట్టివి. హాంబుర్గులో నిట్టి ఱాళ్లనుగూర్చి హతుల బంధువు లాక్షేపించిరి. చిహ్నము లుండుటచే నివి నాజీలమాటలని యెల్లరకుఁ దెలియునని సమర్థించినవారి వాదము. ఈ వివాదము వైయాకరణులకుఁ గ్రొత్తది కాదు. లోకమందు 'ఇతి' శబ్దము చేరిన మాట తన యర్థమును విడిచి స్వరూపమును మాత్రమే బోధించునని యొక పక్షము; సమర్థకుల కది యండ. అనుకరణము తన మూలమువంటిదే యని వేఱొక పరిభాష. బంధువుల దుఃఖమున కది యండ. తిట్టును అనుకరించి చెప్పినను వినువాని చెవిలోఁ బడునది తిట్టే గదా. పైఁగా 'ఇతి' యనఁగా, 'అని' యనఁగా, అన్నవాఁ డొకఁడు కావలయును. ఫలానా న్యాయస్థానము అట్లనెనని చెప్పక రెండు గీఁతలు మాత్రము గీసినచో, పలికినవాఁడు మరలఁ దప్పించుకొనును. పలుకు మాత్రము హతురాలి పేరునకుఁ దగులుకొని యుండును. ఈ విషయమున బంధువుల పక్షమే న్యాయ్యము. వైద్యశాలలలోఁ జంపఁబడినవారి ఱాళ్లపై 'మార్చఁబడెను' అను నాసుపత్రిమాట నిట్లే చిహ్నములలోఁ బెట్టిన దంత బాధింపదు. ఏలయన, అది చంపినవారి వంచనను జూపును గాని చచ్చినవానిని దూషింపదు.

మ్యూనిక్ పట్టణము ఈ ఱాళ్ల నొల్లలేదు. 2004 లో నగరసభ వానిని వీధులలోఁ బెట్టరాదని తీర్మానించి, అంతకుముందు పడిన రెండింటిని తీయించెను. 2015 లో నా నిర్ణయమునే స్థిరపఱచి, కంటియెత్తున గోడపలకలును చిన్నస్తంభములును నిలుపుట కొప్పుకొనెను. 2018 నుండి యవి వెలయుచున్నవి. అడ్డుచెప్పినవారిలో ముఖ్యురాలు ఆ పట్టణపు యూదసంఘాధ్యక్షురాలు షార్లొట్ క్నోబ్లొఖ్. 1932 లో నచ్చటనే పుట్టి, బాల్యమున నొక పల్లెకాఁపుల యింట దాఁగి బ్రతికిన యామె, చచ్చినవారి పేళ్లను మరలఁ గాళ్లక్రింద వేయుట తగదనెను. ఆమె వాదమును జర్మనులు కొందఱు మితిమీఱిన సున్నితమనిరి. అక్షరమున్న కాగితమునకుఁ గాలు తగిలినచోఁ గన్నుల కద్దుకొను దేశమున దానికి వ్యాఖ్యాన మక్కఱలేదు. అయితే మనయందే గుడిమెట్లపైఁ దమ పేరు చెక్కించుకొని, భక్తుల పాదధూళి పడుటయే భాగ్యమనుకొనువారును గలరుగదా యని యెవరైన నడుగవచ్చును. వారు కోరి చెక్కించుకొనిరి. ఈ ఱాళ్లవారి నెవ్వరు నడుగలేదు, అడుగుటకు వారు లేరు. బ్రతికియున్న బంధువులు కోరి పెట్టించుకొనినచోట నాక్షేపము చాల తగ్గును. ఎవ్వరు లేనిచోట మ్యూనిక్‌వారి పద్ధతియే మేలు. గోడమీఁదను 'ఇక్కడ' అను మాట చెడదు. కాని వంగుట పోవును, అది నష్టమే.

కర్తయుఁ గర్మయుఁ గలగాపులగమైన ఱాళ్లు కొన్ని కలవు. బండి యెక్కింపవచ్చు దినము తెలిసి యంతకుముందే ప్రాణములు తీసికొనినవారికి 'హత్య చేయఁబడెను' అని వ్రాయుటకు వీలులేదు. 'ఆత్మహత్య చేసికొనెను' అనుట మఱియు నన్యాయము, చేసినవా రితరులు గనుక. అట్టివారి ఱాళ్లపైఁ దఱచు 'మృత్యువులోనికిఁ బలాయనము' అని యుండును. క్రియ లేదు, భావవాచక మొక్కటే. ఎవరు పాఱిపోయిరి, ఎవరు తఱిమిరి యను రెండును దానిలో నడఁగియున్నవి. మార్టా లీబర్మన్ 85 ఏండ్ల ప్రాయమున, తెరేజియెన్‌ష్టాట్ శిబిరమునకుఁ గొనిపోవ వచ్చిన దినమున మందు మ్రింగి, 1943 మార్చి 10 న మరణించెను. ఇట్టి చావునకుఁ దగిన ధాతువు ఏ భాషలోను లేదు. ఱాయి ధాతువును విడిచి నామమును గ్రహించుట ఉచితమే.

ఇటీవల ఒక కుటుంబములోఁ జచ్చినవారికిఁ బ్రక్కనే బ్రతికి బయటఁబడినవారికిఁ గూడ ఱాళ్లు పెట్టుచున్నారు; విడిపోయినవారు గుమ్మమునందైనఁ గూడవలయునని. తల్లిదండ్రుల పలకల చివర 'ఎర్మోర్డెట్', బిడ్డ పలక చివర 'ఊబర్లేబ్ట్', అనఁగా బ్రతికి బయటఁబడిన. రెండును తకారాంత కృదంతములే. చూపునకు భేదము లేదు. సహాయక్రియ లుండినచో నొకదానికి 'వుర్డె', రెండవదానికి 'హాట్' చేరి, ఒకటి కర్మణి, ఒకటి కర్తరి యని తెలిసియుండును. ఱాతిమీఁద నవి లేవు. సంస్కృతమున 'హతః' అన్నప్పుడు క్తప్రత్యయము కర్మను, 'గతః' అన్నప్పుడు కర్తను జెప్పును. ధాతువు నెఱిఁగిన వాఁడే యన్వయింపఁగలఁడు. ఆ వీధిలో వంగి చదువువాఁడును ఆ రెండు తకారములను ధాతువుచేతనే వేఱుపఱుచుకొనవలయును. బిడ్డ పలకమీఁదఁ గర్త, నడుమ రెండు పంక్తులలో లేకపోయి, కడపటి పంక్తిలో మరల వచ్చియున్నాఁడు.